ఎడమచేతి అక్షరాలు

తమరాక్ క్రీక్, మిచిగన్
మార్చి 2, 2010

ప్రియమైన వెర్నాకు,

నీ మొగుడు వెండెల్ ముద్దులతో రాసేది. ఇక్కడ నేనూ, కుక్కా, ఇంటి కప్పూ ముగ్గురమూ క్షేమం. కప్పుకే నెత్తిన బరువు కాస్త ఎక్కువైంది, మొన్న ఎక్కి మంచు దించాను. నువ్వక్కడ ఆసుపత్రిలో వేళకి తింటూ, నీచేత వ్యాయామాలు చేయించే ఆ అమ్మాయి చెప్పినట్టు వింటూ, ఆ పిల్లని మరీ ఏడిపించకుండా ఉన్నావని తలుస్తాను.

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. ఇన్నాళ్ళూ జవాబు రాయనిది మంచు తోసే బండి మీద తీరిక లేక అని రాద్దామనుకున్నాను. అబద్ధం నీ దగ్గర నిలవదు. రాయాల్సిన సంగతి ఒకటి గొంతులో అడ్డం పడి ఆగిపోయాను.

ఎడమచేత్తో, బడిపిల్లల పెద్దక్షరాల్లో, పేజీ నిండా రాశావు. అంత రాసి చివర్న ఏమన్నావు? "ఇదే ఆఖరు ఉత్తరం. కోడి కెలికినట్టుంది, చూస్తే నాకే సిగ్గేస్తోంది. ఏదైనా ఉంటే ఆదివారం ఫోన్లో చెప్తాను" అన్నావు. ఫోన్లో నువ్వు చెప్పేది నాకు తెలుసుగా. "ఊ. బానే ఉన్నా. పెట్టేస్తా." ఇంతకాలం కాపురంలో నా చెవులకి ఒక్క పూట సెలవివ్వని మనిషివి, పక్షవాతం వచ్చింది చేతికైతే నోరు కట్టేసుకుంటావేం? ఆ ఆఖరు ఉత్తరం మాట నేను ఒప్పుకోవడం లేదు. ముందు నువ్వడిగినవాటికి జవాబులు చెప్తాను.

పైపులు గడ్డకట్టలేదు. వంటగది సింకు కింద తలుపు తెరిచే ఉంచుతున్నాను, నువ్వు చెప్పినట్టే. మీ అమ్మ కుట్టిన క్విల్టు బొంత ఆరబెట్టాను. కుక్క దానిమీద పడుకోవడం లేదు, అంటే నేను చూస్తుండగా పడుకోవడం లేదు. శనివారం సౌనా ఆవిరిగది వేడిచేసుకుంటున్నాను కానీ ఒక్కణ్ణే కూర్చుంటే వెధవ ఆలోచనలొస్తున్నాయి, పది నిమిషాలకే లేచి వచ్చేస్తున్నాను. తిండి సంగతి అడిగావు. మీ చెల్లెలు ఆర్డిస్ వారానికి సరిపడా మాంసం కూరిన పాస్టీలు చేసి తెస్తోంది. వాటిలో మాంసం తక్కువ, ముల్లంగి లాంటి ఆ పసుపురంగు దుంప ఎక్కువ. ఆ మాట దాని ముందు అన్నానని నీకెవరైనా చెబితే నమ్మకు.

ఇక నీ చివరి ప్రశ్న. "నా కంప్యూటర్ అమ్మేశావా? ఇంటర్నెట్‌లో మా ట్యాగుల గుంపులోంచి నా పేరు తీయించావా?"

అమ్మలేదు. తీయించలేదు.

కోప్పడేముందు విను. నువ్వు ఆసుపత్రికి వెళ్ళిన నెల, డిసెంబరులో, నీ కంప్యూటర్‌లో ఏమైనా ముఖ్యమైన ఈమెయిళ్ళున్నాయేమోనని చూశాను. ఆ కెనడా ఆవిడ, మీ గుంపు పెద్ద రాక్సాన్ రాసింది. "వెర్నా, నెలకి ఒక్క ట్యాగైనా పెట్టనివాళ్ళ పేరు తీసేస్తామన్నది నువ్వు పెట్టిన నియమమే. ఒంట్లో బాగుందా?" అని. "తీసెయ్యండి" అని రాయడానికే కూర్చున్నాను, నిజం. నీ బొమ్మల సంచులన్నీ తెర మీద వరసగా ఉన్నాయి, ఒకదానిలో రిబ్బన్లు, ఒకదానిలో పువ్వులు, ఒకదానిలో ఫ్రేములు, ఒక్కోదానికి నువ్వు పెట్టుకున్న పేర్లతో. "వెండెల్‌కి చూపించకూడనివి" అని ఒకటుంది. తెరిచాను. డబ్బు పెట్టి కొన్న లేసుల బొమ్మలు! వాటి ఖరీదు దాచడానికి ఇంత తతంగమా?

ఆ "తీసెయ్యండి" అన్న మాట టైపు కొట్టలేకపోయాను. ఒక్క ట్యాగు నేనే చేసి నీ పేరుతో పెడితే నీ చోటు నీకుంటుందనుకున్నాను. ఇన్నేళ్ళూ నువ్వు ఆ కుర్చీలో కూర్చుని తెర మీద బొమ్మకి ఫ్రేమూ రిబ్బనూ పేరూ అతికించి ట్యాగులు చేస్తుంటే, దీనికి ఇంత సేపా అని నవ్విన ముఖమే ఇది. నవ్వినందుకు బాగా అయింది నాకు.

తెల్లటి ఖాళీ చోటు తెరిచాను. ఫ్రేము తెచ్చి పెట్టాను. ఫ్రేము వెనక రంగు కాగితం పెట్టబోతే అది ముందుకొచ్చి ఫ్రేమునే మింగేసింది. దేని పొర దానిదని, కిందది కింద, పైది పైన ఉండాలని తెలియడానికి ఒక మధ్యాహ్నం పట్టింది. గొడుగు పట్టుకున్న ఆ పిల్ల బొమ్మని నిలబెట్టాను, కాళ్ళ దగ్గర పువ్వులు, మూలన రిబ్బను. చివర్న నీ పేరు రాస్తే కనిపించలేదు. మళ్ళీ రాశాను. మళ్ళీ లేదు. ఆర్డిస్ పాస్టీల పళ్ళెంతో లోపలికొచ్చేసరికి నేను కంప్యూటర్‌ని నానా తిట్లూ తిడుతున్నాను.

"ఏంటి బావా, ఎవరితో పోట్లాడుతున్నావు?"

"మీ అక్క పేరు మింగేస్తోంది ఈ దరిద్రగొట్టు పెట్టె."

అది నా భుజం మీంచి వంగి చూసింది. పువ్వుల పొర పక్కకి జరిపింది. పువ్వుల కింద ఒకదాని మీద ఒకటి ఏడు "వెర్నా"లు! అది పడీపడీ నవ్వింది. తర్వాత నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని కళ్ళు తుడుచుకుంది. నవ్వీ నవ్వీ వచ్చిన నీళ్ళు కావవి. నేను చూడనట్టే ఉన్నాను.

"బావా, అక్కయితే అన్నిటికీ నీడ వేస్తుంది. లేకపోతే గాల్లో తేలుతున్నట్టుంటాయి" అంది.

వేశాను. దేనికి ఎటు తోస్తే అటు వేశాను. నీ పేరుతో పెట్టేశాను. సాయంత్రానికి మీ ఆడవాళ్ళంతా "ఓహో వెర్నా వచ్చింది, ఎంత ముద్దుగా ఉందో" అని రాశారు. నా ఛాతీ ఉబ్బిపోయింది. జనవరిలో ఇంకోటి పెట్టాను, మంచుమనిషి బొమ్మతో. దానికీ అంతే పొగడ్తలు. దొంగతనం ఇంత తేలికా అనుకున్నాను.

తర్వాత నీ ఉత్తరం వచ్చింది. అది వచ్చిన మర్నాడే రాక్సాన్ ఫోన్ చేసింది. బండి షెడ్డులో పెట్టి అప్పుడే బూట్లు విప్పుతున్నాను.

"వెండెల్ గారేనా? మీ మంచుమనిషి ట్యాగు ముద్దొస్తోందండీ."

"అది వెర్నా చేసింది" అన్నాను.

"వెర్నా ట్యాగుల్లో ఒక్కడే సూర్యుడండీ. కుడిపక్కనుంచి వస్తాడు, నీడలన్నీ ఎడమకి పడతాయి. నేనెరిగి ఒక్కసారి తప్పలేదు. మీరు పువ్వు నీడ ఇటు, ఫ్రేము నీడ అటు, మంచుమనిషి నీడ నెత్తిమీదికి వేశారు. ముగ్గురు సూర్యుళ్ళుంటే పాపం ఆ మంచుమనిషి కరిగిపోడూ?"

రోజూ తెల్లారి సూర్యుడికి ఎదురుగా మంచు తోసుకుంటూ పోయేవాణ్ణి, నీడ ఎటు పడుతుందో తెలియదని ఒక ఆడమనిషి ఫోన్ చేసి మరీ చెప్పింది. ఒంటికాలి బూటుతో అలాగే నిలబడ్డాను.

"అందరికీ తెలుసా?" అన్నాను.

"మొదటిరోజే తెలుసు."

"మరి వెర్నా వచ్చిందని ఎందుకు పొగిడారు?"

"ఇంకేం చెయ్యమంటారు? ఆవిడ కుర్చీ చల్లారిపోకుండా ఎవరో కూర్చున్నారు, కూర్చోనీ అనుకున్నాం. సరే గానీ, ఆవిడకేమైంది? ఇప్పుడైనా చెప్పండి."

చెప్పాను. కుడిచెయ్యి సంగతి చెప్పాను. పేరు తీయించమని నువ్వు రాసిన సంగతీ చెప్పాను. దానికావిడ, "ఆ పేరు నేను తియ్యనండీ. తీయించుకోవాలంటే వెర్నానే వచ్చి నన్ను తిట్టి తీయించుకోవాలి. మీరు మాత్రం ఈసారి ట్యాగు నిజం చెప్పి పెట్టండి" అంది.

ఇప్పుడు గొంతులో అడ్డం పడిన సంగతి. మంచంమీదున్న దిండు నావైపు విసరాలనిపిస్తే చదవడం పూర్తిచేశాక విసురు.

నిజం ట్యాగు చెయ్యడానికి కూర్చున్నాను. ఈసారి ఒక్కడే సూర్యుడు, కుడిపక్కనుంచి. నీలం కాగితం, బిర్చి బెరడు ఫ్రేము, గూటి ముందు రెండు పిట్టలు. అన్నీ కుదిరాయి. పేరు దగ్గరికొచ్చేసరికి చెయ్యాడలేదు. నీ దగ్గరున్న అక్షరాల రకాలన్నీ ఒక్కొక్కటే వేసి చూశాను. మెలికలవి, ముత్యాలవి, మంచు కురిసినవి. అన్నీ అందంగానే ఉన్నాయి. ఏదీ నువ్వు కాదు. నీ ఉత్తరం పక్కనే, కాఫీ కప్పు కింద ఉంది. చివర్న నీ సంతకం. మొదటి అక్షరం ఒక కాలు పొడుగు, చివరి అక్షరం గోడకి ఆనుకున్నట్టు ఒరిగింది. ఆ ఐదు ఇంగ్లీషు అక్షరాలు రాయడానికి నువ్వు నాలుక బయటపెట్టి, పళ్ళు కొరికి, ఎన్నిసార్లు ఆగావో నాకు కనబడింది.

ఆర్డిస్‌ని స్కానర్ తెమ్మన్నాను. ఉత్తరం చూడగానే దానికి అర్థమైంది.

"వద్దు బావా. తను సిగ్గుపడుతోందని రాస్తే దాన్ని తీసుకెళ్ళి ఊరందరికీ చూపిస్తావా? అక్కకి తెలిస్తే నిన్ను మంచులో పాతేసి ఏప్రిల్ దాకా తియ్యదు."

"నాకు సిగ్గుగా లేదే."

"చెయ్యి నీది కాదుగా!"

అది చెప్పింది న్యాయమే. అయినా చేశాను. నీ సంతకం ఒక్కటే కత్తిరించి, పిట్టల కింద పెట్టి, నీడ ఎడమకి వేసి, "ఇది నా భార్య ఎడమచేతి రాత, ఇన్నాళ్ళూ పెట్టినవి నావి, క్షమించండి" అని రాసి గుంపులో పెట్టాను. నిన్నడగకుండా నీ రాత నలుగురిలో పెట్టాను, వెర్నా. అదీ నా నేరం. నీకు అవమానంగా ఉంటే చెప్పు, ఈ క్షణం తీసేస్తాను. కానీ తర్వాత జరిగింది కూడా విను.

ఆ రోజంతా గుంపులో ఒక్కరూ జవాబు రాయలేదు. ఎంత పని చేశాన్రా దేవుడా అనుకుని పాస్టీ కూడా ముట్టుకోలేదు. మర్నాడు డ్యూటీ దిగి వచ్చి చూద్దును కదా, ఇంగ్లండు నుంచి ఆ జోసీ, అక్షరాల రకాలు తయారుచేసి అందరికీ ఉచితంగా పంచే పిల్ల, రాసింది. "వెర్నా సంతకంలోని అక్షరాలు నాకు కావాలి. మిగతావి కూడా ఉంటే పంపండి. ఇలాంటి రకం ఎవరి దగ్గరా లేదు" అని.

పంపాను. కంగారుపడకు, ఉత్తరం పంపలేదు. అక్షరాలు విడివిడిగా కత్తిరించి పంపాను. నన్ను నువ్వు పెట్టిన చీవాట్లు ఎవరూ చదవలేరు. క్విల్టు గురించి అడిగావు కనుక క్యూ దొరికింది. పైపులు ఫ్రీజ్ అయ్యాయా అన్నావు కనుక జెడ్ కూడా దొరికింది. జోసీ వాటిని పేర్చి, కుదిర్చి, మీట నొక్కితే పడేలా చేసింది. వంకర ఒక్కటి కూడా సరిచెయ్యలేదు. దానికి నీ పేరే పెట్టింది.

ఇప్పుడు మీ గుంపులో అందరూ తమ పేర్లు నీ చేతిరాతలోనే వేసుకుంటున్నారు. పువ్వులూ లేసులూ ఉన్న చోట మధ్యలో నీ కోడి కెలుకుడు! ఆర్డిస్ కూడా వచ్చి చూసి, "ఈ అక్షరాలకి నీడ భలే పడుతోంది బావా" అని ఊరుకుంది. దాని నోట అంతకంటే పెద్ద మెచ్చుకోలు నేనెప్పుడూ వినలేదు.

అయితే ఇద్దరికి మాత్రం కుదరలేదు. నీ ఉత్తరమంతా వెదికాను, జె లేదు, ఎక్స్ లేదు. అంత కష్టపడి చేసిన జోసీకే తన పేరు రాసుకునే వీల్లేదు. మొదటి అక్షరం వదిలేసి "ఓసీ" అని వేసుకుంటోంది. రాక్సాన్ పేరుకి మధ్యలో పన్ను ఊడినట్టు ఖాళీ. వేరే రకంలోంచి ఒక ఎక్స్ తెచ్చి పెట్టుకోమన్నాను. "అరువు ఎక్స్ నాకొద్దు, వెర్నా రాసేదాకా ఇలాగే ఉంటాను" అంది.

వెర్నా, నీ కుడిచెయ్యి మళ్ళీ వస్తుందని నేను చెప్పలేను. డాక్టర్లే చెప్పడం లేదు. మా మంచుబండి రెండో డ్రైవరు వచ్చేవారం పనిలోకి దిగుతాడు, దిగగానే నీ దగ్గరికొస్తాను. వచ్చాక నీ పక్కన కూర్చుని ఏం మాట్లాడాలో నాకు తెలియదు, నీకు తెలుసు నా సంగతి. ఇల్లు నీ మాటలు లేక బోసిపోయి ఉంది. నిన్ను ప్రేమిస్తున్నాను. ఈ మాట ఫోన్లో చెబితే "ఊ" అంటావని రాస్తున్నాను.

ఆ రెండక్షరాలు రాసి పంపు. సిగ్గయితే పెద్ద కాగితం మీద ఒక మూల రాయి. కోపమైతే నన్ను తిడుతూ రాయి, నేను అక్షరాలు కత్తిరించుకుంటాను. కానీ జె, ఎక్స్ రాశావు కదా అని ఆపెయ్యకు. మిగతావన్నీ నా దగ్గర ఉన్నాయి, అయినా మళ్ళీ కావాలి.

ఇట్లు,
చెప్పకుండా చేసి చెబుతున్న
నీ మొగుడు
వెండెల్