నంబరు చెరిగిన పులి పన్ను

బుజ్జమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వు కొండల్లో తవ్వి తెచ్చిన రాళ్లను తీసుకెళ్లి కాలేజీలో పెట్టడానికి మీ మాస్టారు ఈరోజు మన లిలువా రైల్వే క్వార్టర్‌కి వచ్చారు.

ఏనాడో రాయైపోయిన కత్తిపళ్ల పులి పన్ను ఒక్కటి పక్కన పెట్టేశారు. దాని మీద నువ్వు రాసిన నంబరు లేదు. ఉండదు, మరకనుకుని నేనే చింతపండు పెట్టి తోమేశాను కదా. ఆరోజు నువ్వు, "ఇదేటమ్మా, చెంబనుకున్నావేటి!" అని పడీపడీ నవ్వావు. మళ్లీ రాస్తానన్నావు. అంతలోనే జ్వరం వచ్చింది.

"ఎక్కడ దొరికిందో తెలియకపోతే ఇది ఉత్త రాయే, మాషీమా," అన్నారు మాస్టారు, బెంగాలీలో నన్ను పిన్నిగారూ అన్నట్టు.

అప్పుడు, నువ్వు ఆ పన్నును చుట్టి తెచ్చిన నీ చున్నీ తీసి చూపించాను. నీ బట్టలన్నీ ఉతికాను గానీ దాన్ని ఉతకలేదు. అంచున ఎర్రమట్టి ఇంకా అలాగే ఉంది. ఆయన ఆ మట్టిని గోటితో గీకి చూసి, నీ నోట్‌బుక్కు తిరగేశారు. ఎర్రమట్టి ఉన్నచోట నువ్వు తవ్వింది ఒక్క వాగు దగ్గరేనట.

"చోటు దొరికింది, మాషీమా! కానీ చున్నీ కూడా కావాలి. అదే సాక్ష్యం."

కాసేపు ఒళ్లో పెట్టుకుని, మడతపెట్టి ఇచ్చేశాను. ఆయన నా ముందే పన్ను మీద నంబరు రాశారు. చీటీ మీద, దీన్ని తెచ్చినవారు అన్నచోట నీ పేరు రాశారు. "ఇంక తోమకండేం," అని నవ్వారు. నేనూ నవ్వాను.

ఎక్కడున్నా వేళకు కడుపునిండా తిను, తల్లీ.

అమ్మ