వెనక్కి చూపిన చెయ్యి

ఆదివారం, మదనపల్లె

రోజూ నాతో సైకిలు తొక్కే రెడ్డెప్ప, లారీ కింద పడి చనిపోయిన పుంగనూరు రోడ్డులో ఇక తొక్కనని నా భార్య లక్ష్మికి మాటిచ్చాను. సైకిలును బిగించి ఇంట్లోనే తొక్కుకునే ట్రైనర్ స్టాండు కొందామని ఈ రోజు అంగడికి వెళ్ళాను. మామూలుదా, స్మార్ట్‌దా అన్నది తేలలేదు.

"స్మార్ట్‌ది సూడన్నా. నువ్వు పోయే రోడ్డే దీంట్లో పెట్టుకోవచ్చు. మిట్ట వస్తే పెడలు అదే బిగుసుకుంటాది," అన్నాడు అంగడాయన.

నా ఫోన్లో ఉన్న పాత పుంగనూరు రూటు పెట్టి నన్ను తొక్కి చూడమన్నాడు. మిట్ట దగ్గర పెడలు నిజంగానే బిగుసుకుంది. అది దిగగానే వచ్చే మలుపు నా కాళ్ళకు తెలిసిపోయింది. ఎడమ చెయ్యి దానంతటదే నడుం పక్కకు వెళ్ళి నేలవైపు చూపింది. గుంత ఉందని ముందు తొక్కేవాడు వెనకవాడికి అలాగే చెబుతాడు.

"వెనకాల ఎవురుండారన్నా?" అని నవ్వాడాయన.

మామూలుదే తెచ్చుకున్నాను.

"మంచిది ఇడిసిపెట్టి ఇది యాల తెచ్చినావప్పా?" అని లక్ష్మి అడిగింది. దీంట్లో రోడ్డు ఉండదని చెప్పాను.

ఆ రోజు కూడా రెడ్డెప్పకు ముందు నేనే ఉన్నాను. గుంతను చూసి తప్పుకున్నాను. చెయ్యి మాత్రం చూపలేదు.

తప్పంతా లారీవాడిదేనని రెడ్డెప్ప భార్య ఇప్పటికీ నా దగ్గరే చెప్పుకుని ఏడుస్తోంది.