ఎడమవైపు నట్లు

ఫిబ్రవరి 2, ఆదివారం

బావగారు నా కారు చక్రాలు పట్టుకుపోయాడు.

కూరగాయలకి వెళ్ళి వచ్చేసరికి నా చిన్నకారు షెడ్డులో సిమెంటు ఇటుకల మీద కూర్చుని ఉంది. కాళ్ళు నరికేసిన గేదెలా ఉంది. నాలుగు చక్రాలూ లేవు, నట్లు కూడా ఊడ్చుకుపోయారు. మా ఆయన గుమ్మంలో నిలబడి చేతులు తుడుచుకుంటున్నాడు. ఆ చేతులకి గ్రీజు ఉంది. అన్నయ్య అడిగాడు, కాదంటే ఏం బాగుంటుంది అన్నాడు. జాకీ ఎవరు వేశారని అడిగాను. వాళ్ళ జాకీ సరిగ్గా లేవడం లేదు, అందుకని మనదే ఇచ్చాను అన్నాడు.

చేతిలో ఉన్న సంచీతోనే కొట్టాను. అందులో ఉల్లిపాయలున్నాయి. చెవి వాచింది. వాచిన చెవి పట్టుకుని, ఇప్పుడు ఇవన్నీ ఎవరు ఏరతారు అని నన్నే అడిగాడు.

ఫిబ్రవరి 3

కోపం తగ్గాక వరసగా రాద్దామనుకున్నాను. తగ్గలేదు. రాస్తున్నాను.

మావయ్యకి రెండు కార్లు. ఒకే కంపెనీవి, అక్కాచెల్లెళ్ళ లాంటివి. పెద్దది ముందొచ్చిన మోడలు, చిన్నది దాని తర్వాతిది. మొహాలు ఒకటే, లోపల వేరు. పెద్దది పెద్దకొడుక్కి, చిన్నది చిన్నకొడుక్కి అని చెప్పి ఆయన పోయాడు. బావగారు పెద్దదాన్ని కోళ్ళ షెడ్డు పక్కన పడేసి మర్చిపోయాడు. నేను చిన్నదాన్ని బాగుచేసుకుని తిప్పుతున్నాను. పెళ్ళిళ్ళకి, ఫొటోలకి, సినిమావాళ్ళకి. మా ఇంట్లో పొయ్యి వెలిగేది దాని మీదే. మా ఆయన దాన్ని తుడుస్తాడు. బాగా తుడుస్తాడు, ఆ మాట చెప్పుకోవాలి.

ఇప్పుడు పాత కార్ల ర్యాలీ పెడుతున్నారు. కొండ ఎక్కి అవతలి వైపు దిగాలి. దాంతో బావగారికి పెద్దది గుర్తొచ్చింది. దాని రిమ్ములు తుప్పు తిని, నట్ల చుట్టూ పగుళ్ళు ఇచ్చాయి. అవి బయట దొరకవు. చిన్నదాని చక్రాలు పెద్దదానికి ఎక్కుతాయి. పెద్దదానివి చిన్నదానికి ఎక్కవు. చిన్నదానికి డిస్కు బ్రేకులు, పెద్దదాని రిమ్ము వాటికి తగులుతుంది. తీసుకోవడమే గాని తిరిగి ఇవ్వడానికి లేదు. ఈ కార్లు తయారుచేసినవాడికి కూడా మా బావగారి లాంటి అన్న ఒకడు ఉండి ఉంటాడు.

ఫిబ్రవరి 4

వాళ్ళ ఇంటికి వెళ్ళి అడిగాను. మా నాన్న చక్రాలు నేను తీసుకున్నాను, ఇందులో నీకేం పని అన్నాడు. ఆడదానికి కారెందుకు, కుట్టుమిషను కొనిపెడతా, దానికీ ఒక చక్రం ఉంటుంది, తిప్పుకో అన్నాడు. ఆయన ఫిట్టరు నోరంతా తెరిచి నవ్వాడు. వాడికి ముందు పన్ను బంగారంది. ఊరంతా వాణ్ణి బంగారుపన్ను అనే పిలుస్తారు.

నా చక్రాలు గోడకి ఆనించి ఉన్నాయి. ఒకటి లేపి దొర్లించడం మొదలుపెట్టాను. బావగారు నా జడ పట్టుకుని వెనక్కి గుంజాడు. నేను ఆయన చెయ్యి కొరికాను. డీజిలు రుచి. ఆయన జడ వదల్లేదు, నేను చెయ్యి వదల్లేదు. ఆఖరికి బంగారుపన్ను నా దవడలు రెండూ నొక్కి విడిపించాడు. ఉమ్మితే ఎర్రగా వచ్చింది. నాది కాదు.

హారను గేటు దగ్గర నిలబడి చూస్తోంది. బావగారి కూతురు. పుట్టినప్పుడు దాని ఏడుపు విని మావయ్య పెట్టిన ముద్దుపేరు. వాళ్ళమ్మ పోయాక నా చేతుల్లోనే పెరిగింది. డ్రైవింగు నేర్పింది కూడా నేనే. ర్యాలీలో పెద్దదాన్ని నడిపేది అదేనట. పిన్నీ, ఒక్కరోజు పనికే కదా, నా కోసం ఇవ్వలేవా అంది. అడిగితే ఇచ్చేదాన్నే, మీ నాన్న అడిగాడా అన్నాను. అది వాళ్ళ నాన్న చేతి వంక చూసి, గుడ్డ తేవడానికి లోపలికి వెళ్ళింది.

ఫిబ్రవరి 6, పొద్దున్న

పోనీలే. నడిపేది హారను. ఉంచుకోమని చెప్పి వస్తాను.

కానీ బిగించే ముందు ఒక మాట చెప్పాలి. పెద్దదానికి ఎడమవైపు నట్లు ఎదురు తిరుగుతాయి. అందరూ విప్పే వైపు తిప్పితే అవి బిగుసుకుంటాయి. కుడివైపు మామూలే. బండి నడిచేకొద్దీ నట్లు వదులైపోతాయని ఆ రోజుల్లో ఒక భయం ఉండేదట, అందుకని అలా చేశారు. చిన్నదాని దగ్గరికి వచ్చేసరికి ఆ పద్ధతి మానేశారు. కాబట్టి నా నట్లు పెద్దదాని ఎడమవైపు పనికిరావు. వాళ్ళకి తెలిసి ఉండదు. మావయ్య కొడుకులిద్దరూ ఆయన చేతి కింద ఒక్కరోజు కూడా నిలబడలేదు. నేను నిలబడ్డాను. మొట్టికాయలు తిన్నాను.

ఫిబ్రవరి 7

కుడిచెయ్యి విరిగింది. ఇది ఎడమచేత్తో.

ఫిబ్రవరి 9

అక్షరాలు తాగినవాడి నడకలా పోతున్నాయి. అయినా రాయాలి.

ఆరో తారీకు నేను వెళ్ళేసరికే చక్రాలు ఎక్కించేశారు. ఎడమవైపు చక్రాల కింద నేల మీద ఇనప రజను మెరుస్తోంది. ఏం చేశారు అన్నాను. బంగారుపన్ను గొప్పగా చెప్పాడు. పాత నట్లు ఎంత తిప్పినా రాలేదట, గ్యాసుతో కోసేశాడట. నా నట్లు పెడితే ఎక్కలేదట, నట్లు ఎక్కే స్టడ్లకి తుప్పు పట్టి మర పోయిందనుకుని డై పెట్టి కొత్త మర కోశాడట. ఇప్పుడు చూడండమ్మా ఎంత బిగువుగా ఉన్నాయో అన్నాడు.

ఎలా వస్తాయి. వాళ్ళు తిప్పింది బిగించే వైపు. ఎదురు మర మీద అడ్డంగా మామూలు మర కోశారు. ఇప్పుడు అక్కడ ఏ మరా లేదు. చిల్లపెంకుల్లాంటి ఇనుము ఉంది. నట్టు బిగిసినట్టే ఉంటుంది. కొండ దిగేటప్పుడు మలుపులో బరువంతా ఒక పక్కకి పడితే చక్రం ఊడుతుంది. ఆ రోడ్డుకి ఎడమవైపు లోయ.

బావగారికి చెప్పాను. పూర్తిగా విన్నాడు, అదే ఆశ్చర్యం. విని, చక్రాలు వెనక్కి లాక్కోడానికి బాగా అల్లావు అన్నాడు. ఒక్క నట్టు విప్పి చూపిస్తానని కింద కూర్చుని స్పానరు పెట్టాను. ఆయన కాలెత్తి స్పానరు మీద తొక్కాడు. నా చెయ్యి దానికీ నేలకీ మధ్య ఉంది. ఎండుకట్టె విరిచినట్టు చప్పుడొచ్చింది. బంగారుపన్ను ఈసారి నవ్వలేదు.

హారన్ని పిలిచి చెప్పాను. అరిచి చెప్పాను. నాన్న ముందే చెప్పాడు పిన్నీ, నువ్వు ఏదో ఒకటి చెప్పి ఆపుతావని అంది. అయినా ఆటో పిలిచి నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళింది. దారంతా నా మోచెయ్యి పట్టుకునే కూర్చుంది. మొహం మాత్రం బయటికి పెట్టింది.

ఫిబ్రవరి 11

ర్యాలీ ఆఫీసుకి వెళ్ళాను. ఇన్‌స్పెక్షన్ అయిపోయిందండీ, స్టిక్కరు కూడా వేశాం అన్నారు. ఏం చూశారని అడిగితే లైట్లు, హారను, ఇన్సూరెన్సు అన్నారు. చక్రాలు చూడలేదా అన్నాను. ఉన్నాయండీ నాలుగూ అన్నాడు అక్కడి కుర్రాఫీసరు.

మా ఆయన్ని అన్నగారి దగ్గరికి పంపాను. నోట్లో నాలుక లేదు, కనీసం కాళ్ళయినా పట్టుకో అన్నాను. టీ తాగి వచ్చాడు. నీ చెయ్యి ఎలా ఉందని అన్నయ్య అడగమన్నాడు అన్నాడు.

ఎడమచేత్తో కూడా బాగానే తగులుతోంది.

ఫిబ్రవరి 13

హారనుకి ఫోను చేశాను. ఎత్తింది. నేను ఏడవడం మొదలుపెట్టాక పెట్టేసింది.

ఫిబ్రవరి 14

రేపే.

చక్రాలు ఎత్తుకొచ్చేస్తే? పాత రిమ్ములకే వెల్డింగు చేయించి, ఆ నట్లతోనే బిగిస్తాడు. టైర్లు కోస్తే? కొంటాడు. పోవాల్సింది చక్రం కాదు. నట్టు పట్టుకునే స్టడ్లు పోవాలి. ఏ నట్టూ ఎక్కకూడదు.

షెడ్డులో మావయ్య సమ్మెట ఉంది. ఎడమచేత్తో ఎత్తి చూశాను. భుజం దాకా వస్తోంది. చాలు.

ఫిబ్రవరి 15, సాయంత్రం

పొద్దున్నే వెళ్ళాను. పెద్దది కడిగి, నంబరు అంటించి, వాకిట్లో నిలబెట్టి ఉంది. నిజంగా అందంగా ఉంది. నా చక్రాల మీద నేను వేసిన క్రీమ్ రంగు దాని మీదే బాగుంది. వాళ్ళు లోపల టిఫిన్ చేస్తున్నారు.

మొదటి దెబ్బ గురి తప్పి మడ్‌గార్డు నొక్కుకుపోయింది. రెండోది నట్ల మీద పడింది. ఎడమవైపు ముందు చక్రం అయ్యేసరికి స్టడ్లన్నీ తలలు వాల్చేశాయి. రిమ్ము కూడా నలిగింది. నా రిమ్మే. కట్టు వేసిన చేత్తో కర్ర కింది నుంచి ఆనించి పట్టుకున్నాను, ప్రతి దెబ్బకీ లోపల ఎముక కదులుతోంది. వెనక చక్రం సగంలో ఉండగా బంగారుపన్ను వెనకనుంచి వచ్చి మెడకి చెయ్యి చుట్టాడు. సమ్మెట కర్రని వాడి పొట్టలోకి పొడిచాను. కూలబడ్డాడు. ఇంకో రెండు దెబ్బలు వేశాను.

బావగారు వచ్చి సమ్మెట లాక్కున్నాడు. నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు. దాన్ని భుజాన వేసుకుని మా ఇంటివైపు నడిచాడు. అర్థమైంది. పరిగెత్తాను. ఆయనకంటే ముందు షెడ్డులోకి వెళ్ళి చిన్నదాంట్లో డ్రైవరు సీట్లో కూర్చున్నాను.

దిగు అన్నాడు. దిగలేదు. ముందు అద్దం కొట్టాడు. గాజు నా ఒళ్ళో పడింది. దీపాలు రెండూ కొట్టాడు, పక్క అద్దాలు కొట్టాడు, బానెట్టు కొట్టాడు, తలుపు నా మోకాలిదాకా లోపలికి వచ్చింది. స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. ఇటుకల మీద కారు ఊగుతోంది. ఆయనకి ఆయాసం వచ్చి ఆగాడు. మా ఆయన చెంబుతో మంచినీళ్ళు తెచ్చాడు. ఆయనకి. నాకు కాదు.

అప్పుడు హారను వచ్చింది. తెల్ల షర్టు వేసుకుంది, జేబు మీద ర్యాలీ నంబరు. పగిలిన అద్దంలోంచి లోపలికి చెయ్యి పెట్టి నా చెంప మీద కొట్టింది. రెండు చేతులతో పెంచాను కాబట్టి రెండోది కూడా కొట్టమన్నాను. కొట్టింది.

పోలీసాయన వచ్చాడు. ఎందుకు చేశావమ్మా అన్నాడు. చెప్పాను. ఆయన పెన్ను ఆపి, ఇదంతా ఎక్కడ రాస్తాను, అసూయ అని రాసుకోనా అన్నాడు. రాసుకోండి అన్నాను. ర్యాలీ ఎన్నింటికి బయల్దేరిందని అడిగాను. ఎప్పుడో పోయింది అన్నాడు.

ఎన్నాళ్ళ తర్వాతో ఇవాళ ఆకలేసింది. రెండుసార్లు తిన్నాను.

ఫిబ్రవరి 18

మా ఆయన వార్త మోసుకొచ్చాడు.

నిన్న పాడైన చక్రాలు విప్పారట. వెనక చక్రానికి రెండు నట్లు నా సమ్మెట తగలకుండా మిగిలాయట. బావగారే స్పానరు పెట్టాడట. అరచుట్టు తిరిగిందో లేదో నట్టు ఊడి చేతిలోకి వచ్చేసిందట, దాంతోపాటు మర కూడా తీగలా చుట్టుకుని వచ్చిందట. రెండోదానికి స్పానరు కూడా అక్కర్లేకపోయిందట, వేళ్ళతోనే లాగాడట. హారను పక్కనే ఉందట.

ఆయన నేల మీద చతికిలబడి చాలాసేపు ఆ తీగ చూశాడట. తర్వాత లేచి బంగారుపన్నుని కొట్టడం మొదలుపెట్టాడట. నలుగురు పట్టుకున్నా ఆగలేదట. ఆ పన్ను కాస్తా ఊడి కాలవలో పడింది. ఇంకా దొరకలేదు. మా ఆయన కూడా కాసేపు వెతికి వచ్చాడట.

వాడి నోటికి అలా అయినందుకు నాకేమీ అనిపించలేదు. కొంచెం అనిపించింది. వాడికి ఎవరూ చెప్పలేదు కదా.

ఫిబ్రవరి 20

పొద్దున్న పెరట్లో ఫిరంగి పేలినట్టు చప్పుడు. చక్రాలు గోడ మీంచి ఒక్కొక్కటే లోపలికి వచ్చి పడుతున్నాయి. మొదటిది నీళ్ళ డ్రమ్ము పగలగొట్టింది. రెండోది బట్టల తీగ తెంపుకుని వెళ్ళి గోడకి కొట్టుకుంది. మూడోది మా ఆయన సైకిలు మీద పడింది. నాలుగోది ఎగిరి ఎగిరి వంటింటి గుమ్మంలోకి వచ్చి పడుకుంది. తర్వాత ఒక గోనెసంచి, నిండా నట్లు.

మనిషి కనపడలేదు. మోటారుసైకిలు వెళ్ళిపోయిన చప్పుడు వచ్చింది.

మా బావగారు తప్పు ఒప్పుకుంటే ఇంత చప్పుడవుతుందని నాకు తెలీదు.

మార్చి 1

నేను నలగ్గొట్టిన రిమ్ములు రెండూ సాపు చేయించాను. చేసినవాడు, ఎవరో పగబట్టి కొట్టినట్టున్నారమ్మా అన్నాడు. అవునన్నాను.

మార్చి 4

హారను వచ్చింది. స్పానరు చేతిలో పట్టుకునే తలుపు తీశాను. అది నన్ను తప్పించుకుని షెడ్డులోకి వెళ్ళి, జాకీ వేసి, చక్రాలు ఎక్కించింది. కుడివైపు బిగించింది. ఎడమవైపుకి వచ్చి ఆగి నా మొహం చూసింది.

ఇది చిన్నది, దీనికి అన్నీ ఒకవైపే అన్నాను.

స్పానరుని కాలితో తన్ని బిగించింది. అచ్చం వాళ్ళ నాన్న.