మణికట్టు చెప్పిన మాట

మల్లేశ్,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నాంపల్లి జిమ్ములో పంచ్‌లు కాచే ప్యాడ్లు ఇప్పటికీ పట్టేది నేనే. ఎవరి పంచ్‌లో ఎంత బలముందో ఉస్తాద్ నన్నే అడుగుతాడు. నీ పంచ్‌కు నా కుడి మణికట్టు జివ్వుమనేది. అందరూ నీ చేతిని పొగుడుతుంటే నాకు ఒళ్లు మండేది. నొప్పి నాది, పేరు నీది.

రాష్ట్ర మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీకి ఆడపిల్లల్లో ఒక్కరినే పంపాలి. ఆబిడ్స్‌లో బట్టల దుకాణంలో పనిచేసే రజితను ఉస్తాద్ ఈ పొద్దున నా ముందు నిలబెట్టాడు. ఆమె మూడో పంచ్‌కే మణికట్టు జివ్వుమంది. నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

"ఏంరా, మన మల్లేశ్ లెక్కనే ఉన్నదా?" అన్నాడు ఉస్తాద్.

"ఏడ ఉస్తాద్! దోమ కుట్టినట్టున్నది."

రజిత గ్లవ్స్ విప్పుతూ నవ్వింది. "దోమకే గంత దూరం జరిగినవా అన్నా?"

ఉస్తాద్ నా మాటే నమ్మి జాబితాలో ఆమె పేరు కొట్టేశాడు.

కింద హోటల్లో చాయ్ కప్పు ఎత్తబోతే మణికట్టు నొప్పికి కప్పు జారి చాయ్ ఒలికింది. బతికున్నన్నాళ్లూ నిన్ను చూసి కుళ్లుకున్నాను. ఇప్పుడు నీ చోటుకు ఇంకొకరు వస్తుంటే అదీ ఓర్చుకోలేకపోయాను.

మళ్లీ మెట్లెక్కి, వాచిన మణికట్టు ఉస్తాద్‌కు చూపించాను.

"గిది మల్లేశ్ దెబ్బ లెక్కనే ఉన్నది గదరా!"

"రజితది ఉస్తాద్. అబద్ధం చెప్పిన."

ఆయన జాబితా తీశాడు. రజిత పేరు మళ్లీ రాశాడు. తర్వాత, "మల్లేశ్ కన్నా గట్టిదా?" అని అడిగాడు.

అదొక్కటి మాత్రం చెప్పలేదు. నీకూ చెప్పను.