మూడు స్క్రీన్లూ పచ్చగానే ఉన్నాయి

అక్టోబర్ 6, ఆదివారం

బిస్మిల్లాహ్. కొత్త నోటుబుక్.

ఇవాళ మా పైఅధికారి మొతాజ్ గారు మమ్మల్నందరినీ కూర్చోబెట్టి మాట్లాడారు. అందరం అంటే బసంత్, కిరొల్లోస్, నేను. ఆయనతో కలిపి నలుగురం. టాంటా నెట్‌వర్క్ గది అంటే ఇంతే.

కైరో నుంచి ఉత్తరం వచ్చిందట. పోయిన ఏడాది సయ్యిద్ బదవీ దర్గా ఉత్సవం, మూలిద్, జరిగిన వారంలో కాల్స్ తెగిపోతున్నాయని నా రిజిస్టర్‌లో నాలుగు వందల పన్నెండు ఫిర్యాదులు పడ్డాయి. ఈసారి అంతకు ఒక్కటి ఎక్కువైనా ఈ గదికి తాళం వేసి, మొత్తం కైరో నుంచే చూసుకుంటారట. ముగ్గురు ఇంజనీర్లనూ అక్కడికి తీసుకుంటారు. నన్ను ఏం చేస్తారో ఉత్తరంలో లేదు. లేదంటే ఇంటికి పొమ్మనే.

ఇరవై ఎనిమిదేళ్ళు. స్కూలు చదువుతో ల్యాండ్‌లైన్ ఎక్స్‌చేంజ్‌లో చేరాను. ఇప్పుడు ఫిర్యాదుల ఫోన్ నాది.

బయటికి వస్తూ కిరొల్లోస్, హాగ్గా, మీరు సయ్యిద్ బదవీ దగ్గర దువా చెయ్యండి, నేను మా చర్చిలో మార్ గిర్గిస్ దగ్గర కొవ్వొత్తి వెలిగిస్తా, పైన వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటారు అన్నాడు. హాగ్గా అనాలంటే హజ్ చేసి రావాలి, నేను ఇంకా వెళ్ళనే లేదు. అయినా ఈ గదిలో నేను అందరికీ హాగ్గానే. నవ్వొచ్చింది. భయం మాత్రం పోలేదు.

అక్టోబర్ 8, మంగళవారం

ఇప్పుడు టవర్లను ఎవరూ చేత్తో సర్దరు. వాటంతట అవే సర్దుకుంటాయి. అందుకు మూడు ప్రోగ్రాములున్నాయి. బసంత్‌ది లోడ్ చూస్తుంది. ఒక సెల్‌లో, అంటే ఒక టవర్ పరిధిలో, జనం ఎక్కువైతే అంచున ఉన్నవాళ్ళను పక్క సెల్‌కి తోస్తుంది. కిరొల్లోస్‌ది హ్యాండోవర్ చూస్తుంది. మనిషి ఒక సెల్ నుంచి ఇంకో సెల్‌కి మారేటప్పుడు కాల్ తెగుతుంటే, ఆ రెండింటి సరిహద్దును జరుపుతుంది. మొతాజ్ గారిది కరెంటు చూస్తుంది. ఖాళీగా కనిపించిన సెల్‌ను నిద్రపుచ్చుతుంది. అందుకు ఆయనకు ప్రశంసాపత్రం వచ్చింది. ఫ్రేము కట్టించి గోడకు పెట్టారు.

మూలిద్ ఇంకా మొదలే కాలేదు, అప్పుడే ఇవాళ ఇరవై మూడు ఫిర్యాదులు. బసంత్‌ను అడిగితే, నా స్క్రీన్ పచ్చగా ఉంది హాగ్గా, కావాలంటే చూడండి అంది. కిరొల్లోస్, నాది ఇంకా పచ్చన, మా అమ్మ వండే మొలోఖియా ఆకుకూర కూడా ఇంత పచ్చగా ఉండదు అన్నాడు. మొతాజ్ గారు తల కూడా ఎత్తకుండా, నాది పచ్చే అన్నారు.

మూడు పచ్చ స్క్రీన్ల మధ్య నా ఫోన్ మోగుతూనే ఉంది.

అక్టోబర్ 9, బుధవారం

ముప్పై ఒకటి.

అక్టోబర్ 11, శుక్రవారం

మూలిద్ మొదలైంది. లెక్క ఇవాళ్టి నుంచే. నాకు సెలవు కాబట్టి పొద్దుటి నుంచీ సీగర్ పేట వైపు మా ఖిద్మా గుడారంలోనే ఉన్నాను. మామగారి కాలం నుంచీ అదే చోటు. వచ్చినవాళ్ళకు ఉచితంగా పప్పు చారు, రొట్టె, టీ. ఎవరినీ ఊరూ పేరూ అడగం. గుమ్మం దగ్గర మా తోడికోడలు ఇహ్సాన్, పొయ్యి దగ్గర మా ఆయన. సందుకు అటువైపు మహల్లా ఊరి వాళ్ళ గుడారం. దాని పెద్ద హాగ్ బయూమీ.

జుమా నమాజు అయ్యాక జనం విరగబడ్డారు. ఒక ముసలాయన కర్ర పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. ఇహ్సాన్ ఆయన్ని చూసి, పెద్దాయనా, ఎదుటి గుడారంలో ఖాళీగా ఉంది, అక్కడ హాయిగా కూర్చో అంది. ముసలాయన కర్రతో నేలను ఒక్కటి కొట్టాడు. అమ్మాయీ, అక్కడికెళ్తే ఇక్కడ ఖాళీ అంటారు, ఇక్కడికొస్తే అక్కడ ఖాళీ అంటారు, కాబా చుట్టూ తిరిగినట్టు ఇప్పటికి మూడు చుట్లయ్యాయి, ఏడూ పూర్తిచేసి హాజీనై ఇంటికి పోనా, లేకపోతే ఎవరైనా ఒక గిన్నెడు పప్పు పోస్తారా అని అడిగాడు.

చుట్టూ ఉన్నవాళ్ళంతా పడీపడీ నవ్వారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. గబగబా పప్పు తేబోతే గుండిగ చల్లగా ఉంది. ఇదేమిటని మా ఆయన్ని అడిగితే, ఇందాక కాసేపు ఎవరూ లేరు, గ్యాస్ ఎందుకు దండగని కట్టేశాను అన్నాడు.

ఇహ్సాన్ మంచికే పంపింది. హాగ్ బయూమీ మంచికే తిప్పి పంపాడు. మా ఆయన మంచికే కట్టేశాడు. ముసలాయన మాత్రం ఆకలితో ఎండలో నిలబడ్డాడు.

పప్పు వేడిచేసి పెట్టి, ఆయన తింటుంటే పక్కన కూర్చున్నాను. నాకు ఆఫీసు గుర్తొచ్చింది. అస్తగ్‌ఫిరుల్లాహ్, ఖిద్మాలో కూర్చుని ఆఫీసు ధ్యాస.

ఇవాళ నలభై ఎనిమిది అని బసంత్ ఫోన్‌లో చెప్పింది.

అక్టోబర్ 13, ఆదివారం

నిన్న యాభై రెండు. ఇవాళ అరవై ఆరు.

పొద్దున్నే రిజిస్టర్ తీసి గడియారం ప్రకారం మళ్ళీ చదివాను. అనుకున్నట్టే ఉంది. పావుగంట మసీదు వీధి నుంచి ఫిర్యాదులు, తర్వాతి పావుగంట స్టేషన్ వైపు నుంచి, మళ్ళీ మసీదు వీధి. రోజంతా ఇంతే. బసంత్ బల్ల మీద పెట్టి ముసలాయన సంగతి చెప్పాను.

బసంత్ రెండు పేజీలు చూసి కుర్చీ తిప్పింది. కిరో, నేను మసీదు నుంచి తోసినవాళ్ళని నువ్వు వెనక్కి పంపుతున్నావా అని అడిగింది. వాడు, నువ్వు వాళ్ళని గోడకేసి తోస్తుంటే పట్టుకోవద్దా తల్లీ అన్నాడు. గోడ ఎక్కడుందిరా అని బసంత్. స్టేషన్ సెల్ నిద్రపోతే గోడ కాక తలుపవుతుందా అని వాడు. గోడ మీది ఫ్రేము వైపు ఎవరమూ చూడకుండా జాగ్రత్తపడ్డాం.

మొతాజ్ గారు మంచి మనిషి. చాలాసేపు గడ్డం రుద్దుకున్నారు. ఈ మూడింటి మీదా పెద్దరికం చేసే ప్రోగ్రాము ఒకటి ఉంటుందట. ఒకదాన్ని కదలనిచ్చి, ఫలితం తెలిసేదాకా మిగతా రెండింటినీ కూర్చోబెడుతుందట. కొనాలంటే కైరో ఒప్పుకోవాలి. నాలుగు నెలలు పడుతుంది. మూలిద్ అయిదు రోజుల్లో అయిపోతుంది.

అప్పుడు బసంత్ ఇంకో దారి చెప్పింది. మూడింటినీ ఆటోమేటిక్‌లోంచి తీసి, ఏది కదలాలన్నా ముందు అడిగేట్టు పెట్టొచ్చు. సరే, ఎస్ అనేది ఎవరు? బసంత్ అంటే కిరొల్లోస్ ఒప్పుకోడు, కిరొల్లోస్ అంటే బసంత్ ఒప్పుకోదు. మొతాజ్ గారి పేరు ఎవరూ ఎత్తలేదు. కిరొల్లోస్, ఈ గదిలో సొంత ప్రోగ్రాము లేనిది హాగ్గా ఒక్కరికే అన్నాడు.

నా వైపు చూస్తూ, మేడమ్ ఇన్షిరాహ్‌కి టవర్ల గురించి ఏం తెలుసయ్యా అన్నారు మొతాజ్ గారు. నాకూ అదే అనిపించింది. బసంత్ మాత్రం, జనం ఎప్పుడు ఎటు నడుస్తారో ఆవిడకు తెలిసినంత మనకెవరికీ తెలియదు అంది.

అక్టోబర్ 14, సోమవారం

డెబ్బై ఒకటి. అన్నిటికన్నా ఎక్కువ.

ఎస్ చెప్పే పని చివరికి నా మీదే పడింది. తప్పు నాదే. ఒకదానికి ఎస్ చెప్పి, మిగతా రెండింటినీ అరగంట ఆపాను. ఓపిక మంచిదే కదా అనుకున్నాను. అరగంటలో మధ్యాహ్నపు జొహర్ నమాజు అయిపోయి, జనమంతా శనగల బజారుకు వెళ్ళిపోయారు. నేనింకా ఖాళీ మసీదు వీధి కోసం కూర్చునున్నాను.

కిరొల్లోస్ నన్ను చూపిస్తూ, ఈ సాఫ్ట్‌వేర్ భక్తిగలదే కానీ కాస్త నిదానం అన్నాడు. మొతాజ్ గారు నవ్వలేదు. రేపటి నుంచి మళ్ళీ ఆటోమేటిక్ పెట్టేస్తానన్నారు. ఇంకొక్క రోజు అడిగాను. ఎందుకడిగానో తెలియదు. ఏమనుకున్నారో, ఒప్పుకున్నారు.

అక్టోబర్ 15, మంగళవారం

అరగంట కాదు, పది నిమిషాలు. నమాజు ముందు ఒక లెక్క, తర్వాత ఒక లెక్క. ఇవాళ నలభై. అల్‌హమ్‌దులిల్లాహ్.

అక్టోబర్ 16, బుధవారం

ముప్పై ఒకటి!

ఆఫీసు అయ్యాక గుడారానికి వెళ్ళాను. అవతల చోటుందో లేదో అడక్కుండా ఎవరినీ అటు పంపొద్దు అని ఇహ్సాన్‌కు చెప్పాను. ఆఫీసులో పెత్తనం చాల్లేదా, ఇక్కడికీ మోసుకొచ్చావా అంది. అన్నది కానీ, కాసేపటికి సందులోకి మెడ చాచి, హాగ్ బయూమీ, ఇద్దరికి చోటుందా అని కేక వేసింది. ముగ్గురికుంది, నువ్వూ వచ్చెయ్ అని ఆయన తిరుగు కేక వేశాడు. సందంతా నవ్వులు. ఇహ్సాన్‌కు అరవై ఏళ్ళు దగ్గరపడుతున్నాయి. సాయంత్రమంతా మొహం మందారంలా ఉంది.

అక్టోబర్ 17, గురువారం

నలభై తొమ్మిది. మొత్తం మూడు వందల యాభై ఏడు. రేపు ఊరేగింపు. పోయిన ఏడాది ఆ ఒక్క రోజే నూట నలభై వచ్చాయి. ఈసారి యాభై అయిదు దాటకూడదు.

బసంత్ సాయంత్రం నన్ను బాత్రూమ్ దగ్గర పట్టుకుని, నాకు కైరో వద్దు హాగ్గా, ఆ ట్రాఫిక్‌లో నేను బతకలేను అని ఏడ్చేసింది. రాత్రి ఖురాన్ తీసి సూరా యాసీన్ చదువుకున్నాను.

అక్టోబర్ 18, శుక్రవారం
ఉదయం 11

పదిహేడు. జుమా ఇంకా కాలేదు.

మధ్యాహ్నం 2:30

వరసగా రాస్తాను.

ఒంటి గంటన్నరకు, ఊరేగింపు నడిపించే సయ్యిద్ బదవీ వారసులు ఖలీఫా గారు మసీదు ముందు గుర్రమెక్కారు. మసీదు సెల్ ఎర్రబడింది. నా స్క్రీన్ మీద మూడూ ఒకేసారి అడిగాయి. లోడ్‌ది జనాన్ని స్టేషన్ వైపు తోస్తానంది. హ్యాండోవర్‌ది సీగర్ వైపు సరిహద్దు జరుపుతానంది. కరెంటుది, సీగర్‌లో ఎవరూ లేరు, అక్కడి సెల్‌ను నిద్రపుచ్చుతానంది.

మొతాజ్ గారు నా కుర్చీ వెనక నిలబడి, బసంత్‌దానికి ఎస్ చెప్పండి మేడమ్, మసీదు సెల్ మునిగిపోతోంది అన్నారు. ఆయన చెప్పింది స్క్రీన్ ప్రకారం సబబే. కానీ గుర్రం స్టేషన్ వైపు వెళ్ళదు. మసీదు ముందు ఓ పది నిమిషాలు నిలబడుతుంది. ఆడవాళ్ళు మేడల మీద నుంచి నాలుక ఆడిస్తూ జగ్రూతల కేకలు పెడతారు, మిఠాయిలు విసురుతారు. ఆ తర్వాత సీగర్ వైపే తిరుగుతుంది. చిన్నప్పుడు నాన్న భుజం మీద నుంచి చూశాను. ఇప్పుడు స్టేషన్ వైపు తోస్తే, ఊరేగింపు కదిలే సమయానికి మనం జనాన్ని వాళ్ళు నడిచే దారికి ఎదురు లాగుతుంటాం.

వద్దండీ అన్నాను.

ఏమిటి, వినపడలేదు అన్నారు.

వద్దు అన్నాను. గొంతు పెంచలేదు. నాకు రాదు. ఇరవై ఎనిమిదేళ్ళలో పైవాళ్ళతో ఆ మాట అనడం ఇదే మొదలు.

ఆయన చెయ్యి మౌస్ దాకా వచ్చింది. నా ఫోన్ మోగుతోంది. బసంత్ తీసి రాసుకుంటోంది. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై. ఆయన చెయ్యి అక్కడే ఆగింది. కాసేపటికి చిన్నగా, మరి సీగర్ సంగతేమిటి అని అడిగారు. అది మెలకువగా ఉండాలండీ అన్నాను. ఆయన తన ప్రోగ్రాముకు తనే నో నొక్కారు.

ముందు కిరొల్లోస్‌దానికి ఎస్ చెప్పాను. తర్వాత పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో పదహారు ఫోన్లు. ఎవరి మొహమూ ఎవరం చూసుకోలేదు. తస్బీహ్ పూసలు చేతిలో తిరుగుతున్నాయి కానీ ఏం చదివానో గుర్తు లేదు. కిటికీలోంచి డప్పులు వినిపించాయి, దగ్గరగా, తర్వాత సీగర్ వైపు. అప్పుడు బసంత్‌ది మళ్ళీ అడిగింది, ఈసారి స్టేషన్‌కు కాదు, సీగర్‌కు. ఎస్ చెప్పాను.

ఫోన్ ఆగిపోయింది.

అయిదు నిమిషాలైనా మోగలేదు. ఫోనే పాడయిందేమోనని బసంత్ రిసీవర్ ఎత్తి చెవికి పెట్టుకుంది. తర్వాత మాకందరికీ వినిపించేలా చాచి పట్టుకుంది. డయల్ టోన్ వస్తోంది.

సాయంత్రం 6

మూలిద్ అయిపోయింది. ఇవాళ ముప్పై ఎనిమిది. మొత్తం మూడు వందల తొంభై అయిదు. కిరొల్లోస్ పరుగెత్తుకెళ్ళి పావుకిలో శనగ మిఠాయి తెచ్చాడు. అందులో సగం మొతాజ్ గారే తిన్నారు.

అక్టోబర్ 20, ఆదివారం

కైరో నుంచి ఫోన్. గది ఉంటుంది. ఇదే గది, ఇదే నలుగురం.

మీరు పెట్టిన కోఆర్డినేటర్ ఏ కంపెనీది అని వాళ్ళు అడిగారట. మొతాజ్ గారు ఫోన్ కిరొల్లోస్‌కి ఇచ్చారు. వాడు ఎంతో వినయంగా, లోకల్‌గా తయారైందండీ అన్నాడు. కరెంటు ఎంత తింటుంది అని అడిగితే, టీ మీదే నడుస్తుంది అన్నాడు. వచ్చే నెల ఇద్దరు ఇంజనీర్లు దాన్ని చూడటానికి వస్తారట. నేను కోఆర్డినేటర్ అని చీటీ రాసి మెడలో వేసుకుని కూర్చోవాలేమో. బసంత్, మీరేం కంగారుపడకండి, వాళ్ళకు ముందు పప్పు పోయండి అంది.

అక్టోబర్ 21, సోమవారం

ఫిర్యాదు ఒక్కటే. కఫర్ జయ్యాత్ నుంచి ఒకావిడ. ఏటా ఊరేగింపు మధ్యలోంచి ఆడపడుచు ఫోన్ చేసి, ఇంట్లోనే ఉన్నారా అని అడుగుతుందట, జవాబు చెప్పేలోపు లైను తెగిపోతుందట. ఈసారి తెగలేదు. పదకొండు మంది భోజనానికి వచ్చారట. ఇంకా వెళ్ళలేదట.

రాసుకున్నాను. కారణం అన్న గడిలో నా పేరు రాశాను.