ఆలస్యానికి కారణం

మంగళవారం

ఇవాళ కూడా మా గుంటూరు పాసింజర్‌ని మధ్య స్టేషన్లో లూప్ లైన్లోకి నెట్టి నిలబెట్టారు. ఉన్నది ఒకటే లైను. ఎదురుగా ఎక్స్‌ప్రెస్ వస్తుంటే మేమే తప్పుకోవాలి, అదెప్పుడూ మాకు తప్పుకోదు. పక్కన మిరప చేలో కూలీలు ఒక సాలు కోసి రెండో సాలు అందుకున్నా బండి కదల్లేదు. ఆ సేపట్లో నేను ఆరో తరగతి పేపర్లన్నీ దిద్దేశాను.

బడికి ఇరవై నిమిషాలు ఆలస్యం. హెడ్‌మాస్టరు గారు లేటు రిజిస్టరు ముందుకు తోశారు. అందులో అందరం "సొంత పని" అని రాస్తాం. మూడుసార్లయితే మెమో. నాకు ఇది మూడోది. ఒళ్లు మండి, "ఎక్స్‌ప్రెస్‌కి దారి ఇచ్చాం" అని రాశాను.

"ఇదేం కారణం టీచర్? సొంత పని అని రాయండి."

"బండి ఆపింది నేను కాదుగా సార్!"

అదే బండి దిగిన మేరీ టీచరు నా వెనకే ఉంది. ఎన్నడూ నోరెత్తని మనిషి. పెన్ను తీసుకుని నా వాక్యం కింద "పై కారణమే" అని రాసేసి క్లాసుకి వెళ్లిపోయింది.

రేపు ఇద్దరికీ మెమో ఇస్తారేమో. ఉద్యోగం మీదికి వస్తుందేమోనని గుబులుగానే ఉంది. అయినా ఇవ్వనీ. జవాబు ఆ లూప్ లైన్లోనే కూర్చుని రాస్తా. అక్కడ కావలసినంత టైము.