బామ్మర్ది ఫోటోకు రంగులు

1978, జులై 30, ఆదివారం

ఈ డైరీ పోయినేడాదిది. నూలు దుకాణం వాళ్లు ఊరికే ఇచ్చారు. వాళ్ల తారీఖులు కొట్టేసి నావి రాసుకుంటున్నాను. నేను చదివింది మూడో తరగతి. ఒత్తులు అటూ ఇటూ అవుతాయి. మనవరాలు పద్మ ఇంటర్ చదువుతోంది, దిద్దుతానంటోంది. దిద్దితే చెవి మెలేస్తాను.

సంగతేమిటంటే, నేను ఫోటోలకు రంగులేయడం నేర్చుకుంటున్నాను!

హన్మకొండ చౌరస్తాలో సారంగపాణి స్టూడియో ముందు బోర్డు చూశాను. ‘టచింగ్, కలరింగ్ నేర్పబడును’ అని. ఫోటో మీది మచ్చలు పూడ్చి, నల్లటి మనిషికి కుంచెతో రంగులు పూసి, నిన్న దిగినట్టు చేయడమట. కాశిబుగ్గలో నలభై ఏళ్లు నూలుకు రంగు అద్దిన చేయి నాది. జానెడు కాగితం నాకొక లెక్కా?

మా ఆవిడ భద్రమ్మకు చెప్పాను. ముందు నవ్వింది. తర్వాత పెట్టె తెరిచి వాళ్ల తమ్ముడు మొండయ్య ఫోటో తెచ్చింది. పెళ్లి కాకముందు, అరువు కోటు తొడుక్కుని దిగింది.

"గట్లయితె రాఖీ పున్నం లోపట దీనికి రంగులేసియ్యి. నేనే తీస్కపోయి వాని చేతులవెడ్త. రెండేండ్లాయె, నా చేతితోటి వానికి రాఖీ కట్టక."

మొండయ్య ఉండేది సుబేదారిలో. రెండేళ్లుగా మా గడప తొక్కడు, మమ్మల్ని రమ్మనడు. ఒక పెళ్లి ఊరేగింపులో వాన పడి, తలకు వేసుకున్న నలుపంతా అతని తెల్ల చొక్కా మీదికి కారింది. నూలుకు రంగు నిలవాలంటే మేం ఉప్పు వేస్తాం. అందుకని, "ఉప్పు తక్కువైంది బామ్మర్దీ, రంగు వట్టలే" అన్నాను. ఉన్న మాటే కదా! బ్యాండు వాళ్లు కూడా వాయించడం ఆపి నవ్వారు.

భద్రమ్మ షరతు: "ఈసారి ఆడికి వొయ్యి నోరు తెరిస్తివా, ఇగ నీ బువ్వ నువ్వే వండుకోవాలె."

ఒప్పుకున్నాను. రంగులు వేయడానికి నోటితో పనేముంది?

జులై 31, సోమవారం

మొదటి రోజు. అద్భుతం!

సారంగపాణి నా కొడుకు కంటే చిన్నవాడు. అయినా గురువు గురువే. పొద్దంతా పెన్సిల్ చెక్కించాడు, సూదిమొనలా రావాలట. తర్వాత ఎవరో పెద్దమనిషి ఫోటో ఇచ్చి, ముఖం మీది తెల్ల చుక్కలు పూడ్చమన్నాడు. పూడ్చాను. పూడ్చి పూడ్చి, సాయంత్రం ఇంటికొస్తే భద్రమ్మ ముఖం మీద కూడా టచింగ్ చేయాల్సిన చోట్లు కనిపించాయి. చెప్పాను. చెప్పి ఉండాల్సింది కాదు.

ఆగస్టు 2, బుధవారం

ఈ రోజు రంగు! కుంచెను సీసాలో నిండా ముంచి అద్దాను. ఫోటోలోని ముసలమ్మ పండు మామిడికాయలా తయారైంది.

"తాతా, అది మనిషి మొఖం, నూలు చిలప కాదు. నీళ్ల కుంచె ముందు, రంగు ఎన్క. జర పైలం, ఇది ఒక్కపారి ఎక్కిందంటె మల్ల దిగది" అన్నాడు సారంగపాణి.

దిగని రంగు సంగతి నాకు చెబుతున్నాడు! మొండయ్య తలకు ఇతని రంగే వేయించాల్సింది.

ఆగస్టు 5, శనివారం

నాలో ఇంత పనితనం ఉందని నాకే తెలియదు!

స్టూడియోకి రంగులకొచ్చే పెద్ద ఫోటోలన్నీ పోయినవాళ్లవే. పదో దినం నాటికి కావాలని ఇంటివాళ్లు తొందరపెడతారు. నుదుట బొట్టు, మెడలో మాల, తల వెనక వెలుగు, అన్నీ కుంచెతోనే వేయాలి. నిజం మాల సాయంత్రానికి వాడిపోతుంది, ఇది వాడదు. నాకు బాగా నచ్చిన గిరాకీ. ముక్కు వంకర పోయిందని ఒక్కరూ తగాదాకు రారు.

చామంతి మాల వేశాను. రేకకు రేక విడివిడిగా కనిపించేలా. సారంగపాణి చాలాసేపు చూశాడు.

"మొఖాలు నాకిడువు తాతా. మాలలు నువ్వే ఎయ్యి."

మెచ్చుకున్నాడనే రాసుకుంటున్నాను.

ఆగస్టు 7, సోమవారం

వాన. పోలేదు.

ఆగస్టు 9, బుధవారం

వాన లేదు. కానీ వచ్చేలా ఉంది. పోలేదు.

ఆగస్టు 11, శుక్రవారం

కళ్లు మంటలు. చాయ్ హోటల్లో కూర్చుంటే తగ్గాయి. స్టూడియో ఎదురుగానే ఉంది, అద్దంలోంచి పని చూశాను. చూసి నేర్చుకోవడం కూడా నేర్చుకోవడమే.

పద్మ అడిగింది, "తాతా, మొండయ్య తాత ఫోటో ఎంతవరకొచ్చింది?"

"మనసుల అయిపొయింది బిడ్డా. ఇగ కాయితం మీద ఎయ్యుడే ఉన్నది."

ఆగస్టు 13, ఆదివారం

పాత ఫోటోను మళ్లీ ఫోటో తీసి సారంగపాణి పెద్ద సైజులో కొత్తది కొట్టిచ్చాడు. మొదలుపెట్టాను! చెంపలు బాగానే కుదిరాయి. పెదవులు కాస్త ఎర్రగా వచ్చాయి. మొండయ్య పాన్ వేస్తాడు కదా, సరిపోయింది.

ఆగస్టు 15, మంగళవారం

స్టూడియోకు సెలవు. సారంగపాణి పెళ్లి ఫోటోలు తీయడానికి ఏటూరునాగారం పోయాడు, రాఖీ దాటాకే వస్తాడు. ఫోటో, సీసాలు నిన్ననే ఇంటికి తెచ్చుకున్నాను.

పద్మ కాలేజీలో జెండా ఎగరేసి బూందీ పొట్లంతో వచ్చింది. "బూందీ కోసమే పొయినవా, జెండా గిట్ల సూసినవా?" అని అటు తిరిగానో లేదో, కుంచెలోంచి ఎర్ర చుక్క జారి మొండయ్య నుదుటి మీద పడింది. సరిగ్గా నడిమధ్య!

గుడ్డతో అద్దాను. పెరిగింది. నీళ్లతో తుడిచాను. ఇంకా పెరిగింది.

ఏం చేయను, గుండ్రంగా దిద్ది బొట్టు చేశాను. బతికున్నవాళ్లు బొట్టు పెట్టుకోరా ఏమిటి? బోనాలప్పుడు మొండయ్య ఇంతకంటే పెద్దది పెట్టుకుంటాడు.

ఆగస్టు 16, బుధవారం

కోటుకు నీలం వేస్తుంటే కుంచె జారి మెడ దగ్గర గోరంత మరక. దాన్ని దాచాలి. నాకు బాగా వచ్చిన పని ఏది?

వేశాను. చామంతులు. మధ్య మధ్య ఆకు కూడా. నా చేతిలో ఇంత మంచి మాల ఇంతవరకు పడలేదు!

పెళ్లికొడుకులు వేసుకోరా మాల? మంత్రులు వేసుకోరా?

ఆగస్టు 17, గురువారం

తల వెనక బొటనవేలి ముద్ర పడింది. వెలుగుతో కప్పేశాను.

అయిపోయింది! నూలు దారంతో పొట్లం కట్టేశాను. భద్రమ్మ ఒక్కసారి చూపించమని అడిగింది.

"రేపు నీ తమ్ముని మొఖం ఎట్ల ఎల్గుతదో అప్పుడే సూద్దువు."

పట్టుచీర తీసి మడతలు సరిచూసుకుంటోంది. పాట కూడా పాడుతోంది. ఆమె పాడగా విని చాలా కాలమైంది.

ఆగస్టు 18, శుక్రవారం, రాఖీ పున్నం

వరసగా రాస్తాను.

మొండయ్య తలుపు తీశాడు. నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు. అక్కను చూసి తిప్పుకోలేకపోయాడు. "లోపటికి రా అక్కా. బక్కగైనవ్ గదనే" అన్నాడు. భద్రమ్మ రాఖీ కట్టింది. ఒక ముడి చాలదని ఇంకో ముడి వేసింది. మొండయ్య కళ్లు తుడుచుకుని, "బావా, కూసో" అన్నాడు. రెండేళ్ల తర్వాత మొదటి మాట!

నేను నోరు తెరవలేదు. ఒట్టు.

అప్పుడు భద్రమ్మ పొట్లం అందించింది. "మీ బావ సొంతంగ చేసిండు తమ్మీ, నీకోసమే."

దారం తెంపాడు. కాగితం విప్పాడు.

బొట్టు, మాల, వెలుగు. మూడూ కలిపి నేను కూడా అప్పుడే చూశాను. అచ్చం స్టూడియోలో గోడకు ఆనించే పోయినవాళ్ల వరసలోని ఫోటో.

మొండయ్య భార్య మల్లక్క చేతిలోని మిఠాయి పళ్లెం కింద పడింది. "అయ్యో, నా పుస్తె సల్లగుండ! మనిషి మంచిగ కూసోని ఉంటె గీ మాలేందన్నా?"

"బావా, నేనింక ఉన్న. నీకు కనవడ్తలేనా?" అన్నాడు మొండయ్య. గొంతు చాలా మెల్లగా ఉంది, అదే నా భయం. "పదోదినం ఎప్పుడు వెట్టుకున్నవ్? నన్ను గూడ పిలువు, వచ్చి తిని పోత."

"చుక్క వడ్డది బామ్మర్దీ, దాన్ని బొట్టు చేసిన. అటెన్క మెడకాడ మరక..."

"మరక వడితె మాలేస్తరా?"

ఎవ్వరూ నమ్మలేదు. భద్రమ్మ కూడా. నేను కావాలనే చేసిన పరాచికమనుకున్నారు. పరాచికమే అయితే ఇంతకంటే బాగా చేసేవాణ్ని.

రిక్షాలో కాశిబుగ్గ దాకా భద్రమ్మ అటే తిరిగి కూర్చుంది. పట్టుచీర కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

ఆగస్టు 19, శనివారం

రంగుల పని బంద్. కుంచెలు పద్మకిచ్చేశాను. సీసాలు అటక మీద పడేశాను.

భద్రమ్మ అన్నం పెట్టింది, మాట పెట్టలేదు. పప్పులో ఉప్పు లేదు. నేను అడగలేదు. నేను ఉప్పు మాట ఎత్తడమా!

తినేసి అన్నాను, "నేను కావాలని చెయ్యలేదే. నీ తోడు."

కంచం తీసుకుంటూ అంది, "నువ్వు కావాలని చేసినవో లేదో నాకేం ఎర్క? నా తమ్ముడైతె మల్ల పొయిండు."



ఆగస్టు 20, ఆదివారం

పొద్దున్నుంచి ముసురు. తలుపు చప్పుడైతే పద్మ తీసింది.

మొండయ్య! గొడుగు ముడిచి, చంకలో పొట్లంతో.

భద్రమ్మ వంటింటి గడపలోనే నిలబడిపోయింది. అతను చెప్పులు విడిచి, లోపలికొచ్చి, మా నులక మంచం మీద కూర్చుని పొట్లం నా ముందు పెట్టాడు.

"ఇంట్ల వెట్టుకుందామంటె మల్లక్క అరిష్టమంటది. సింపేద్దామంటె, బతికున్నోని ఫోటో సింపుతె ఇంకా అరిష్టమంటది. రెండు దినాలాయె, ఇంట్ల పొయ్యి సక్కగ ఎల్గలే. నువ్వే ఏసినవ్, నువ్వే తియ్యి మాల."

"తీస్త బామ్మర్దీ."

ఫోటోను కాసేపు చూశాడు. "చామంతులైతె మంచిగనే ఏసినవ్ గని" అని గొణిగాడు.

అప్పుడు చూశాను. గొడుగు సరిగా పట్టుకోలేదేమో, చెవి పక్కనుంచి సన్నటి నల్ల గీత కాలర్ మీదికి దిగుతోంది. పద్మ కూడా చూసింది, పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుంది. భద్రమ్మ కళ్లు పెద్దవి చేసి నా వైపు చూసింది. నేను పెదవులు బిగపట్టాను. భుజాలు ఆగడం లేదు.

మొండయ్య చెవి తుడుచుకుని వేలు చూసుకున్నాడు. నన్ను చూశాడు.

"అను బావా, అను. లోపట వెట్టుకుంటె కడుపునొప్పి లేస్తది."

"ఏం లేదు బామ్మర్దీ. పోయినసారి మీద ఈసారి ఉప్పు నయమే."

ముందు నవ్వింది మొండయ్యే. తర్వాత భద్రమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. చాయ్ పెట్టింది, ఉప్మా చేసింది. ఉప్పు సరిగ్గా సరిపోయింది.

పోతూ అడిగాడు, "ఎన్ని దినాలు పడ్తది?"

"సన్నని పని. ఒక్కొక్క రేక తియ్యాలె. నీ రంగు సూస్కుంట తియ్యాలె గన్క, ఐతారం ఐతారం నువ్వొచ్చి గిట్ల కూసోవాలె."

"మరి దసరా వరకన్న అయితదా?"

"సూద్దాం."

ఎక్కిన రంగు దిగదని సారంగపాణి మొన్ననే చెప్పాడు. ఆ మాట నేను మొండయ్యకు చెప్పలేదు. పద్మకు తెలుసు, మిఠాయి పొట్లంతో నోరు మూయించాను.

అటక మీంచి సీసాలు దించాను. రేపటి నుంచి మళ్లీ స్టూడియోకి, పెన్సిల్ చెక్కడం దగ్గర్నుంచి! వాన వచ్చినా సరే, వచ్చేలా ఉన్నా సరే.